మాలో పాట

తార్నాకలో మా పాట టీచర్ గారి ముందు గదిలో ఈత చాప ఒకటి, శ్రుతిపెట్టె ఒకటి ఉండేవి. శని, ఆదివారాలు పొద్దున్నే హబ్సిగూడ నుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యాక ఆవిడ మాకు నొట్టు స్వరాలు మొదలుపెట్టారు. ముత్తుస్వామి దీక్షితులు రాసిన చిన్న చిన్న సంస్కృత కీర్తనలవి. వాటిలో ‘వందే మీనాక్షి’ అంటే పిల్లలకు ప్రాణం. గమకాల బరువు లేదు, ఎక్కడా నిలవదు, ఉడుత కొమ్మ మీద పరిగెత్తినట్టు స్వరాల మీద పరిగెడుతుంది. బాసింపట్టు వేసుకుని పాడుతూనే మోకాళ్ళు ఆడించేవాళ్ళం. టీచర్ గారు ఏమీ అనేవారు కాదు. “ఈ పాట అంతే నాన్నా, కుదురుగా కూర్చోనివ్వదు” అని నవ్వేవారు.

ఎందుకు కూర్చోనివ్వదో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1990ల చివర్లో ఉస్మానియాలో చదువుతున్నప్పుడు, షిల్లాంగ్ నుంచి వచ్చిన ఒక మిత్రుడు సీఫెల్‌లో ఉండేవాడు. ఇప్పటి ఇఫ్లూని అప్పుడు అలా పిలిచేవాళ్ళం. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్ళం. గులాబీ రంగు రాయి పగలంతా తాగిన ఎండను అప్పుడు మెల్లగా వదులుతూ ఉంటుంది. వాక్‌మన్‌కు ఉన్న రెండు ఇయర్‌ఫోన్లలో ఒకటి అతని చెవికి, ఒకటి నా చెవికి. ఫిడేలు, పిల్లనగ్రోవి లాంటిదేదో, వెనకాల ఒక తోలువాద్యం. నాలుగో పాట మొదలై రెండు ఆవృతాలు తిరిగేసరికి నా నోటి నుంచి సంస్కృతం వస్తోంది. వందే మీనాక్షి! మిత్రుడు క్యాసెట్ ఆపి నా మొహంలోకి చూశాడు. అట్ట మీద అతని చేతిరాతలో ఉంది: ‘ది రేక్స్ ఆఫ్ మాలో’.

మాలో అనేది ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలోని ఒక ఊరు. ఆ రోజు నుంచీ ఆ ఊరి పేరును నేను తెలుగు మాటగానే చదువుకుంటున్నాను.

ఆ పాట ఓడెక్కి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఐరిష్, స్కాటిష్ సైనికులు చాలామంది ఉండేవారు. వాళ్ళతో పాటే వాళ్ళ ఊళ్ళ వరసలూ మద్రాసు తీరానికి చేరాయి. దీక్షితుల కుటుంబం మద్రాసు పక్కన మణలిలో ఉన్న రోజుల్లో అక్కడి జమీందారు చిన్నయ్య మొదలియారు ఆ అన్నదమ్ములను సెయింట్ జార్జి కోటలో బ్యాండు వినడానికి తీసుకెళ్ళేవారు. తమ్ముడు బాలుస్వామి అక్కడే వయొలిన్ పట్టారు, కర్ణాటక కచేరీలోకి ఆ వాద్యం వచ్చిన దారుల్లో అది ముఖ్యమైనది. అన్నగారు ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. బ్రిటిష్ రాజగీతం ‘సంతతం పాహిమాం’ అయింది. మాలో కుర్రాళ్ళ ఆకతాయి పాట మధుర మీనాక్షికి మొక్కింది. ఇంకో తెలుగు సంగతి కూడా ఉంది. నొట్టు స్వరాలను 1833లోనే సేకరించి భద్రపరిచిన మనిషి మరెవరో కాదు, మన నిఘంటువు బ్రౌన్ దొర. వేమనను వెతికిన చెయ్యే ఈ పాటలనూ వెతికింది. ఆ తర్వాత 1893లో చిన్నస్వామి మొదలియారు వీటిని యూరోపియన్ స్వరలిపిలో అచ్చువేశారు.

మెట్ల మీద ఆ సాయంత్రం ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా, ఎక్కడో వాన కురిసే దీవిలో పుట్టిన పాట నాకు ముందే వచ్చు అన్నదొక్కటే. అప్పటి నుంచి వింటూనే ఉన్నాను.

మొదట లెక్క పట్టుకున్నాను. మెట్రో లేని రోజుల్లో హబ్సిగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి తొడ మీద వేలితో కొట్టుకునేవాణ్ణి. జిగ్ అంటే తకిట తకిట. రీల్ అంటే తకధిమి తకధిమి. స్లిప్ జిగ్‌లో మూడు తకిటలు. పాట కట్టుబడి తేలిక: ఎనిమిది కొలతల ముక్క రెండుసార్లు, ఇంకాస్త పైస్థాయిలో తిరిగే ముక్క రెండుసార్లు. మన పల్లవి, చరణం అనుకోవచ్చు. వరసల్లో శంకరాభరణం కనిపిస్తుంది, హరికాంభోజి కనిపిస్తుంది, దిగులుగా సాగే రీళ్ళలో ఖరహరప్రియ మెట్లు కనిపిస్తాయి. రాగం మాత్రం కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. మనలాగా స్వరాన్ని ఊపరు. ఒక స్వరం మీద ఉండి, పై స్వరాన్ని ఒకసారి, కింది స్వరాన్ని ఒకసారి వేలితో అలా తాకి వెనక్కి వస్తారు. దాన్ని రోల్ అంటారు. కంటికి అందనంత వేగం. విన్నప్పుడు మాత్రం నీటిబొట్టు ఆకు మీద దొర్లినట్టే ఉంటుంది.

ఫిడేలులో నా దేవుడు మార్టిన్ హేస్. క్లేర్ కౌంటీ మనిషి, తండ్రి పి.జె. హేస్ కూడా పేరున్న ఫిడేలు వాద్యకారుడే. షికాగో గిటారిస్టు డెనిస్ కాహిల్‌తో కలిసి ఆయన చేసిన సియాటిల్ కచేరీ రికార్డు 1999లో వచ్చింది. అందులో ఒక వరస నుంచి ఇంకో వరసకు జారుకుంటూ దాదాపు అరగంట సాగే ముక్క ఉంది. మొదట్లో ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. ఒక్క నెమ్మది పాట. గిటారు రెండు స్వరాలు వేసి ఊరుకుంటుంది. పది నిమిషాలకు కాలు కదులుతుంది. ఇరవై నిమిషాలకు హాల్లో జనం అరుపులు. ఆలాపన నుంచి తానం, తానం నుంచి పల్లవికి తీసుకెళ్ళే విద్వాంసుడి ఓర్పే అది. 2022లో కాహిల్ పోయారని తెలిసిన రాత్రి ఆ అరగంటా విన్నాను. ఫిడేలు కన్నా గిటారు ఆగిన చోట్లే ఎక్కువ వినిపించాయి.

ఐరిష్ గాయని ఎన్యా పేరు మనవాళ్ళలో చాలామందికి తెలుసు, 1988లో ‘ఒరినాకో ఫ్లో’ ప్రపంచమంతా మోగింది. ఆమె అక్కా అన్నలూ, కవల మేనమామలూ కలిసి డొనెగాల్ కౌంటీ గ్వీడోర్‌లో పెట్టిన బృందం క్లానాడ్. ఇంగ్లిషు మింగేయగా మిగిలిన భాష ఐరిష్. ఆ భాషలోనే పాడి 1982లో క్లానాడ్ బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్ళింది. తెలుగు చదవని తెలుగు పిల్లలు పెరుగుతున్న వీధిలో ఉండేవాణ్ణి, నాకు ఆ పాట మామూలుగా వినబడదు.

వాద్యాల దగ్గరికి వస్తే మనవే చుట్టాలు. బౌరాన్ ఉంది కదా, చెక్క చట్రానికి మేకతోలు బిగించిన గుండ్రటి వాద్యం. ఒంటి పుల్లతో వాయిస్తారు. తేమ తగిలితే తోలు వదులవుతుంది. డప్పును మంట దగ్గర కాచి బిగించడం చూసిన తెలంగాణ మనిషికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. 1960లలో షాన్ ఓ రియాడా తన బృందంలో కూర్చోబెట్టేదాకా బౌరాన్‌కు కచేరీ పీట లేదు. డప్పుకు పీట కోసం మనం చేసిన, చేస్తున్న పోరాటం తెలిసినవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఒక నిమిషం ఆగుతారు.

ఇక బ్యాగ్‌పైపు. చిన్నప్పుడు నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో రిపబ్లిక్ డే కవాతు చూపించేవారు. సైన్యం పైపుల బ్యాండు దగ్గరికొస్తుంటే ముందు డ్రమ్ము, ఆ వెనక తేనెతుట్టె కదిలించినట్టు ఒక హోరు. ఇంగ్లిషువాడి వాద్యం అనుకునేవాణ్ణి. స్కాట్లండ్‌దని తర్వాత తెలిసింది, మనదీ ఒకటుందని ఇంకా తర్వాత తెలిసింది. మన ‘తిత్తి’ అదే కదా! మేకతోలు సంచీకి గొట్టం కట్టి, వీధి నాటకాల్లో శ్రుతి కోసం ఊదేవారు. ఐర్లండ్‌వాళ్ళ ఇలియన్ పైపుకు ఊదడం కూడా అక్కర్లేదు. కమ్మరి కొలిమి తిత్తి లాంటి చిన్నదాన్ని మోచేతి కింద పెట్టి నొక్కుతారు. ఇలియన్ అంటే వాళ్ళ భాషలో మోచెయ్యే. కూర్చుని వాయిస్తారు, గొంతు మెత్తన. చీఫ్టెన్స్ బృందాన్ని 1962లో మొదలుపెట్టి 2021లో కన్నుమూసేదాకా నడిపిన ప్యాడీ మొలోనీ వాద్యం అదే.

ఈ సంగీతం కచేరీ కన్నా భజనకు దగ్గర. సెషన్ అంటారు. ఊరి పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ కూర్చుంటారు, వేదిక లేదు, ముందు కాగితం లేదు. ఒకరు ఎత్తుకుంటారు, వచ్చినవాళ్ళు కలుస్తారు, రానివాళ్ళు విని నేర్చుకుంటారు. ధనుర్మాసంలో రామాలయం అరుగు మీద తాళాలు పట్టుకున్న మనిషికి పక్కవాడి పెదవులు చూస్తూ పాట వచ్చేయడం నాకు తెలుసు. అక్కడా అంతే.

నేర్చుకోవడం చెవితోనే కాబట్టి, ఊరు ఖాళీ అయితే పాట పోతుంది. ఐర్లండ్‌కు ఆ గండం వచ్చింది. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి మొదలైన కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కారు. అమెరికా పోయేవాడి ఇంట్లో ముందు రాత్రి ఊరంతా చేరేది. పాటలు, ఆటలు, తెల్లారేసరికి ఏడుపులు. శవం దగ్గర చేసే జాగరణ పేరే దానికీ పెట్టారు, ‘అమెరికన్ వేక్’ అన్నారు. పోయినవాడు తిరిగి రాడని తెలుసు కాబట్టి.

అది మొదటిసారి చదివినప్పుడు మా హబ్సిగూడ ఇళ్ళే కళ్ళముందు మెదిలాయి. ఆగస్టు రాత్రి, హాలు మధ్యలో రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. నాన్న స్ప్రింగు త్రాసు పట్టుకుని నిలబడతాడు. అమ్మ ఆవకాయ ప్యాకెట్ తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. శంషాబాద్‌కు కారు రాత్రి ఒంటిగంటకు. మనవాళ్ళు తిరిగొస్తారు, వీడియో కాల్ ఉంది, దానికీ దీనికీ పోలిక లేదని తెలుసు. అయినా మా తమ్ముడు వెళ్ళిన రాత్రి, ఏమీ మాట్లాడుకోలేక, పెద్దమ్మ మంగళహారతి పాట ఎత్తుకుంటే అందరం కలిసి పాడాం. ఆ రాత్రి పేరేమిటో నాకు ఐర్లండ్ చెప్పింది.

పాట పోలేదు, మనుషుల వెంటే వెళ్ళింది. కార్క్‌లో పుట్టి షికాగోలో పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓ నీల్, తన నగరంలోని ఐరిష్‌వాళ్ళ నోళ్ళ నుంచి పోగేసి 1903లో 1,850 వరసలు అచ్చువేశాడు. ఆయనకు స్వరలిపి రాయడం రాదు. తాను పాడితే, జేమ్స్ ఓ నీల్ అనే సార్జెంటు రాశాడు. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్ళిన మైకేల్ కోల్‌మన్ 1920లలో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు సముద్రం దాటి వెనక్కి వచ్చి, సొంత ఊళ్ళ ఫిడేళ్ళకే పాఠం చెప్పాయి.

మన వైపు వచ్చిన ఒకావిడ ఉంది. మార్గరెట్ కజిన్స్. 1878లో రాస్‌కామన్ కౌంటీ బోయిల్‌లో పుట్టింది, డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా పుచ్చుకుంది, ఆడవాళ్ళ ఓటు కోసం జైలుకు వెళ్ళింది. 1915లో భర్త జేమ్స్‌తో ఇండియా వచ్చింది, ఆ తర్వాత మదనపల్లె చేరింది. జేమ్స్ అక్కడి థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో విశ్రాంతి కోసం రవీంద్రనాథ్ టాగోర్ ఆ కాలేజీకి వచ్చారు. ఒక సాయంత్రం పిల్లల ముందు ‘జనగణమన’ పాడారు. 28వ తేదీన దాన్ని ఇంగ్లిషులోకి తిప్పారు. మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసింది, పిల్లలతో పాడించింది. బోయిల్‌లో పెరిగిన చెవి బెంగాలీ పాటను రాయలసీమలో కాగితం మీద పెట్టింది. ఆమె 1954లో పోయింది. భర్త 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

హబ్సిగూడ పేరే హబ్షీల నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఈ నగరంలో పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా కూడా అలా సముద్రం దాటిన మోతే. దూరం నుంచి వచ్చిన తాళానికి కాలు కదపడం ఈ గడ్డకు కొత్త కాదు.

ఇప్పుడు నా దగ్గర ఒక టిన్ విజిల్ ఉంది. ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి. వయొలిన్ నేర్చుకున్న పక్కింటి అమ్మాయి, నేను ఆదివారం పొద్దున ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో వేపచెట్టు కింద కూర్చుంటాం. మొన్న మేం ‘రేక్స్ ఆఫ్ మాలో’ వాయిస్తుంటే వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దావిడ ఆగింది. రెండో ముక్క దగ్గర తాళం వేయడం మొదలుపెట్టింది. అయ్యాక, “మీనాక్షమ్మ పాట ఇంత హుషారుగా ఎవరు నేర్పారు బాబూ?” అంది. చెప్పాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఇంకోసారి వాయించమంది. ఈసారి మాటలతో పాడింది, చివరిదాకా. మేం వేగం తగ్గించి ఆవిడ వెనకాలే వెళ్ళాం.

ఈ వారం స్లిప్ జిగ్ ఎత్తుకున్నాం. మూడో తకిట దగ్గర విల్లు ఇంకా తడబడుతోంది. ఆవిడ మళ్ళీ వస్తానంది.