వ్యాన్‌లో హీటరు బ్లోయర్ ఆగితే ఏమి చేయాలి?

ముంబయి వంటి ఉక్కపోత నగరంలో బండికి హీటరు ఎందుకని చాలామంది అనుకుంటారు. నాగ్‌పాడా కూడలికీ కామాటిపుర గల్లీలకూ మధ్య తిరిగే వ్యాన్‌కు నిజంగానే దానితో పని తక్కువ. కాని ఆషాఢ, శ్రావణ మాసాలలో అదే వ్యాన్ తెలుగు చాళ్లలోని ఒక కుటుంబాన్ని ఎక్కించుకొని పాలమూరు వైపు బయలుదేరితే సంగతి వేరు. కామాటిపుర అన్న పేరే, నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి కట్టడపు పనులకు వచ్చి అక్కడ స్థిరపడిన కామాటీల వల్ల ఏర్పడింది. వారి వారసులకు సొంత ఊరితో రాకపోకలు నేటికీ తెగలేదు. ముంబయి నుండి హైదరాబాదుకే సుమారు 700 కిలోమీటర్ల దారి. ఆ దారిలో పుణె చేరకముందే ఖండాలా ఘాట్ ఎదురవుతుంది.

వానాకాలంలో ఘాట్ మీద బయట చల్లదనం, పొగమంచు. లోపల ఏడుగురి ఊపిరిలోని తేమ. ఆ తేమ చల్లబడిన ముందు అద్దానికి తగిలి తెల్లని పొరగా పేరుకుంటుంది. క్షణాలలో దారి కనబడకుండా పోతుంది. వేడి గాలినో, ఏసీ ద్వారా తేమ తీసిన గాలినో అద్దం మీదికి తోస్తేనే ఆ పొర విడుతుంది. ఆ తోసే పనిని చేసేది బ్లోయర్ పంకా. కనుక అది సుఖానికి పెట్టిన పరికరం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది కూడా.

ఎలా పనిచేస్తుంది?

ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంటు నీటిలో కొంత భాగం డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటరు వంటి పేటికలోకి వస్తుంది. బ్లోయర్ దాని గుండా గాలిని తోస్తుంది. గాలి బలంగా వస్తున్నా వేడిగా లేకపోతే తప్పు బ్లోయర్‌ది కాదు. కూలెంటు మట్టం, థర్మోస్టాట్, వేడినీటి వాల్వు చూడాలి. గాలే రాకపోతే మాత్రం విద్యుత్ మార్గాన్ని వెదకాలి. ఆ మార్గంలో బ్యాటరీ, ఫ్యూజు, కొన్ని బండ్లలో రిలే, మోటారు, రెసిస్టరు, వేగం మార్చే స్విచ్చు, చివరకు ఎర్త్ ఉంటాయి.

లక్షణమే దారి చూపుతుంది

ఒక్క పెద్ద వేగంలో మాత్రమే తిరిగి, చిన్న వేగాలలో తిరగకపోతే అనుమానం రెసిస్టరు మీద పడాలి. చిన్న వేగాలలో కరెంటు రెసిస్టరు గుండా తగ్గి వెళుతుంది. పెద్ద వేగంలో దానిని తప్పించుకొని నేరుగా వెళుతుంది. ఇందుకు భిన్నంగా పెద్ద వేగం మాత్రమే పోతే స్విచ్చులోని ఆ కాంటాక్టును గాని, రిలేను గాని చూడాలి. మోటారు చప్పుడు వినబడుతున్నా గాలి రాకపోతే ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పంకా చక్రం ఇరుసు మీద వదులై ఉండవచ్చు. కరకరమనే చప్పుడు వస్తే ఆకులో, కాగితాలో, ఎలుక తెచ్చిన చెత్తో చిక్కుకుందని భావించాలి. కీచుమంటే బుష్ ఎండిపోయిందని అర్థం.

ఏ వేగంలోనూ తిరగకపోతే

మొదట ఫ్యూజు. 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు ఒక కొనను బండి లోహానికి తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండవ కొనతో ఫ్యూజు పైభాగంలోని రెండు బిందువులనూ తాకాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు మంచిదే. ఒకచోటే వెలిగితే అది పోయినట్లు.

తరువాత మోటారు. నాబ్‌ను పెద్ద వేగంలో ఉంచి, మోటారు ప్లగ్గు తగిలి ఉండగానే దాని రెండు తీగల మధ్య మల్టీమీటరుతో కొలవాలి. సుమారు 12 వోల్టులు వస్తూ కూడా తిరగకపోతే తప్పు మోటారుదే. మోటారు గుల్లను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు తిరగడం మొదలైతే, లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్లు భావించవచ్చు. అసలు వోల్టేజీ రాకపోయినా, ఏడెనిమిది వోల్టులే వచ్చినా మోటారును నిందించరాదు. మార్గంలో ఎక్కడో అతుకు తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఎర్త్ వదులై ఉంటుంది. ప్లగ్గు గోధుమరంగుకు మాడి ఉందేమో కూడా చూడాలి.

తీగ చుట్టడం ప్రమాదం

"అన్నా, జల్దీ పోవాలె, ఫ్యూజుకు తీగ సుట్టి పంపియ్యి" అని డ్రైవరు మెకానిక్‌ను తొందరపెట్టడం తరచుగా జరిగేదే. ఇంతకన్నా పెద్ద పొరపాటు లేదు. బ్లేడు ఫ్యూజులలో నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లవి. 15 ఉండవలసిన చోట 30 పెట్టినా, రాగి తీగ చుట్టినా, కరగవలసిన ఫ్యూజు కరగదు. దాని బదులు డ్యాష్‌బోర్డు లోపలి తీగ కాలుతుంది.

కొత్త ఫ్యూజు వెంటనే పోతే మోటారు ప్లగ్గును ఊడదీసి మరొకటి వేసి చూడాలి. అప్పుడు కూడా పోతే తీగలలో షార్టు ఉంది. పోకపోతే మోటారు బిగుసుకుంది. బ్యాటరీ నెగెటివ్ తీసివేసి పంకాను వేలితో తిప్పి చూస్తే అది తెలిసిపోతుంది. ఇలా బరువుగా తిరిగే మోటారు అధిక కరెంటు లాగి రెసిస్టరును కాల్చుతుంది. మోటారును చూడకుండా రెసిస్టరును మాత్రమే మార్చినవారు మళ్లీ మళ్లీ మార్చవలసి రావడానికి కారణం ఇదే.

నీరు, పాత సామాను

చాలా బండ్లలో బ్లోయర్ డ్యాష్‌బోర్డు కింద, ఎడమ పక్కన ఉంటుంది. వైపర్ల కింద ఉన్న నీటి రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే వాన నీరు దానిలోకి దిగుతుంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. అటువంటి వరదలో మునిగిన బండిలో బ్లోయర్ వెంటనే ఆగకపోవచ్చు. తుప్పు పట్టిన అతుకులు నెలల తరువాత మొరాయిస్తాయి.

నాగ్‌పాడాకు చోర్ బజార్ దగ్గర కనుక పాత మోటారు కొనేవారు ఎక్కువ. కొనేముందు బ్యాటరీకి తగిలించి, చప్పుడు విని, ఇరుసు ఊగుతున్నదేమో చూడాలి. బిగించేటప్పుడు తీగలు తారుమారైతే పంకా వెనుకకు తిరుగుతుంది. అప్పుడు కూడా గాలి అదే దిక్కున వస్తుంది గాని చాలా బలహీనంగా వస్తుంది. అందువల్ల మోటారే చెడ్డదని భ్రమపడతారు.

దారిలో ఆగితే

ఘాట్ మీద బ్లోయర్ ఆగితే కిటికీలను కొద్దిగా దించి, గాలి మీటను బయటి గాలి వైపుకు మార్చాలి. లోపలి గాలే తిరుగుతూ ఉంటే పొర ఇంకా పెరుగుతుంది. అప్పటికీ అద్దం తేటపడకపోతే సురక్షితమైన చోట బండిని నిలపాలి; ఒక చేత్తో అద్దం తుడుస్తూ, మరొక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఘాట్ దిగరాదు. ఊరికి బయలుదేరే ముందురోజు నాబ్‌ను అన్ని వేగాలలోనూ తిప్పి, అద్దం మీదికి గాలి వస్తున్నదో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. టైర్లలో గాలి చూసుకున్నట్లే దీనినీ చూసుకోవాలి.