పాఠశాల అభ్యసనంలో సాంకేతికత, సామాజిక మాధ్యమాలు: ఫోను ఎవరి చేతిలో ఉంది?

పాఠాన్ని తెర మీదికి తేవడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో సామూహిక టీవీలు పెట్టారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరివారికి కార్యక్రమాలు వచ్చేవి. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరి ఛానల్ పదో తరగతి పాఠాలు ప్రసారం చేసింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చింది.

వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ టీవీ ఊరిది. ట్యాబు విద్యార్థిది. మీరు పంపే వాట్సాప్ సందేశం చేరే ఫోను మాత్రం చాలా ఇళ్లలో తండ్రిది. సామాజిక మాధ్యమాల గురించి మాట్లాడేవారు తరచుగా మరచిపోయే విషయం ఇదే.

విశాఖపట్నాన్నే తీసుకోండి. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో పనిచేసేవారికి షిఫ్టులు మారుతుంటాయి. తండ్రి రెండో షిఫ్టుకు వెళ్తే ఫోనూ వెళ్తుంది. సాయంత్రం ఐదింటికి మీరు పంపిన లెక్కను పిల్లవాడు చూసేది రాత్రి పదిన్నర తరువాతో, మరునాటి ఉదయమో. మత్స్యకార కుటుంబాల్లో పడవతోపాటు ఫోను రోజుల తరబడి సముద్రం మీద ఉండవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలవేట నిషేధం. అప్పుడు ఫోను ఇంట్లోనే ఉంటుంది, కానీ అందులో ఎక్కువ రోజులు బడికి వేసవి సెలవులు! కాబట్టి ‘ఈ రాత్రికే జవాబు పంపాలి’ అనే నియమం పిల్లవాడి శ్రద్ధను కొలవదు, తండ్రి షిఫ్టును కొలుస్తుంది. గడువు కనీసం రెండు మూడు రోజులు ఇవ్వండి. జవాబును నోటుపుస్తకంలోనూ అంగీకరించండి.

ఏం పంపాలి? పొడవైన వీడియోల కంటే అర నిమిషం స్వర సందేశం మేలని నా అభిప్రాయం. డేటా తక్కువ ఖర్చవుతుంది, చదవడం రాని అమ్మ కూడా వినగలదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్షా యాప్‌లో తెరుచుకునే వీడియోలను బడిలో వై-ఫై ఉన్నచోట ముందే దించుకుంటే, నెట్ లేకుండానే తరగతిలో చూపవచ్చు.

అయితే ఇవన్నీ మీ వైపు నుంచి పిల్లల వైపు వెళ్లేవే. అసలు లాభం ఎదురు దారిలో ఉంది. ఆటుపోట్ల పాఠం చూద్దాం. తీరం దగ్గర ఉండే నలుగురు విద్యార్థులు, పెద్దల తోడుతో, రోజూ ఒకే మెట్టు దగ్గర నీరు ఎంతవరకు వచ్చిందో, ఏ సమయానికి వచ్చిందో ఫొటో తీసి పంపుతారు. తరగతిలో ఫోను లేని పిల్లలు ఆ వివరాలను గోడ పట్టికలో ఎక్కిస్తారు. వారం తిరిగేసరికి పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతోందని పట్టికే చెబుతుంది. ఎందుకు? భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన దారిలో కొంత ముందుకు జరుగుతాడు కనుక. అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవని తాతగారు చెప్పిన మాటను ఒక పిల్ల స్వర సందేశంగా పంపిందనుకోండి, సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేయడాన్ని వివరించడానికి మీకు అంతకంటే మంచి ప్రారంభం దొరకదు. వేటకు వెళ్లే కుటుంబపు పిల్ల ఆ రోజు తరగతికి ఆధారమవుతుంది. ఇందులో ఫోను చేసిన పని చిన్నదే, సమాచారాన్ని మోయడం.

జాగ్రత్తల్లో ఒకటి మరీ ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి తల్లి ఫోను నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో అలా కనిపించదు, కానీ మీ నంబరు దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. మార్కులు, హాజరు, పిల్లల ముఖాల ఫొటోలు గ్రూపులో పెట్టవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని బాలలుగానే పరిగణిస్తుంది. వారి సమాచారం వాడే ముందు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది.

అభ్యాసం: మీ తరగతి విద్యార్థుల పేర్లు రాసి, ఎవరింట్లో స్మార్ట్‌ఫోను ఉందో, అది ఎవరిదో, ఏ వేళల్లో ఇంట్లో ఉంటుందో ఒక్కొక్కరినీ విడిగా అడిగి నమోదు చేయండి. ఆ పట్టిక పూర్తయ్యాకే గ్రూపు ప్రారంభించండి.