చూపి చెప్పు విధము

సేద్యమునందలి క్రొత్త సంగతులను రైతులకు తెలుపుటకు మూడు మార్గములు గలవు: నోట చెప్పుట, వ్రాసి పంచుట, కంటికి చూపుట. ఈ మూడవది మనకు క్రొత్తది కాదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై వరుసగా బొమ్మలు వ్రాసి యిచ్చుచుండ, కథకులు ఆ పటమును గ్రామమున వ్రేలగట్టి, ఒక్కొక్క బొమ్మను చూపుచు కులపురాణములను చెప్పుచుండిరి. ఆ యాచారము నేడు మిక్కిలి తగ్గినను అందలి యుక్తి గ్రహింపదగినది. బొమ్మ జనులను నిలుపును. అర్థము చెప్పుటకు మనుష్యుడు ఎదుట నుండును.

నేడు పటమునకు బదులు వీడియో వచ్చినది. దానిని సహకార సంఘములు ఎట్లు వినియోగింపవలెనో ఇచట విచారింతము.

1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు మన ప్రభుత్వము అమెరికా వారి ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని రమారమి 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములను పంపెను. ఆంధ్రప్రదేశమును అందొకటి. వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములను గ్రామస్థులు కనులార చూచిరి. అది గొప్ప ప్రయత్నమే. కాని దూరపు కేంద్రము చెప్పుచుండ గ్రామము వినవలసినదే గాని, ‘ఆపి మరల చూపుడు’ అనుటకు వీలు లేకుండెను.

ఆ కొరతను తీర్చు త్రోవను 2006వ సంవత్సరమున బెంగుళూరులోని మైక్రోసాఫ్టు పరిశోధనశాలయందు మొదలైన ‘డిజిటల్ గ్రీన్’ అను ప్రయత్నము చూపినది. కర్ణాటక గ్రామములలో అచ్చటి రైతులనే, వారి పొలములలోనే చిత్రించి, ఆ చిత్రములను టెలివిజనుపై తోటి రైతులకు చూపిరి. స్థానికుడొకడు చెంత నుండి చిత్రమును నడుమ నడుమ ఆపి, ప్రశ్నలడిగి, సందేహములను తీర్చుచుండెను. 16 గ్రామములలో 13 నెలలు పరీక్షింపగా, ఉద్యోగి వచ్చి చెప్పిపోవు పాతపద్ధతికంటె దీనివలన కొన్ని సేద్యవిధానముల యవలంబనము ఏడు రెట్లు పెరిగెనని పరిశోధకులు ప్రకటించిరి. చూచువారు తరచుగా మొదట అడిగినది, తెరపైనున్న రైతు ఎవరు, ఏ యూరివాడు అనియే. తనవంటి నేల, తనవంటి నీరు, తనవంటి అప్పు గలవాడు చేసి చూపినదే రైతునకు నమ్మదగిన సాక్ష్యము.

ఒక యుదాహరణము చెప్పెదము. వరివిత్తనములను ఉప్పునీట పరీక్షించుట మనము ఎరిగినదే. మంచినీట కోడిగ్రుడ్డు మునుగును. ఉప్పు కొంచెము కొంచెముగా కలుపుచు పోగా గ్రుడ్డు తేలి, రూపాయి బిళ్ళంత భాగము నీటిపైన కనబడును. అప్పుడు గ్రుడ్డు తీసి విత్తనములు పోసినచో తాలుగింజలు తేలును. వానిని తీసివేసి, అడుగున దిగిన గట్టిగింజలను మంచినీట రెండు మూడు మారులు కడుగవలెను. గ్రుడ్డు ఎంత తేలవలెనో పది వాక్యములు చెప్పలేనిది ఒక్క చిత్రము చెప్పును. కాని చిత్రమును కుదించు తొందరలో ఆ కడుగు భాగమును విడిచినచో, ఉప్పు నిలిచి మొలక చెడును. చిత్రమున లోపించిన అరనిమిషమునకు రైతు నారుమడి బలియగును. కావున వీడియో తీయుట వినోదము కాదు, బాధ్యత.

సంఘములవారు ఈ నియమములను పాటింతురు గాక. ఒక చిత్రమున ఒక్క సంగతినే చెప్పవలెను. ఎనిమిది పది నిమిషములకు మించరాదు. చేయువాడు ఆ ప్రాంతపు రైతే కావలెను. నేల, ఋతువు, వంగడము, అయిన ఖర్చు స్పష్టముగా చెప్పవలెను. పని నెరవేరని సందర్భములను దాచరాదు. చిత్రమును ప్రదర్శించుటకు ముందు వ్యవసాయాధికారికి చూపి తప్పులు సరిదిద్దుకొనవలెను.

స్త్రీలను విడువరాదు. నాట్లు, కలుపుతీత, విత్తనముల భద్రత పెక్కుచోట్ల వారి చేతిలోనివే గదా. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి శిక్షణముతో చదువురాని సేద్యగత్తెలు సైతము కెమేరా పట్టి తమ పంటల కథలను తామే చిత్రించిరి. అక్షరము రానిచో చెప్పదగినది లేదను భ్రమ దీనితో తొలగవలెను.

ప్రదర్శనమునకు ఇరువదిమందికి మించి చేరనిచో మాటలాడుటకు వీలగును. ఎవరు ఆ పద్ధతిని ప్రయత్నింప దలచిరో వారి పేర్లు వ్రాసికొని, కొన్ని దినముల పిమ్మట వారి పొలమునకు పోయి చూడవలెను. ఈ పని చేయనిచో చూపినదంతయు ఒక సాయంకాలపు కాలక్షేపమగును.

తుదకొక హెచ్చరిక. సెల్‌ఫోనులో వచ్చు చిత్రములన్నియు హితము కోరినవి కావు. చెప్పువాడెవడు, ఆ పొలమెక్కడిది, చూపిన మందును అమ్మువాడెవడు అని మూడు ప్రశ్నలు వేసికొనక పైకము వెచ్చింపరాదు. కంటికి ఇంపైనదెల్ల చేనికి మేలైనది కాదు. సంఘమునకు వచ్చి అడుగువానికి నష్టము లేదు. అడుగక చల్లినవాని నష్టము పంటకాలమంతయు ఉండును.