పాత చిరునామా పలుకుబడి ఎవరికి దక్కాలి?

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోసే రోజుల్లో రైతుల ఫోన్లలో వెతుకులాటంతా ధర గురించే. ఇవాళ నిజామాబాద్ యార్డులో కొమ్ము ఎంత పలికింది, గోళ ఎంత పలికింది? అడిగిన మరుక్షణం వెబ్‌సైట్లు వరుస కడతాయి. పైన కనిపించినదాన్నే చాలామందిమి నొక్కుతాం. ఆ పై వరుసలో చోటు సంపాదించడం మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. పేరున్న పాత వెబ్‌సైట్‌ను కొనేసి, దానికి వచ్చే లింకులన్నిటినీ తమ వెబ్‌సైట్‌కు మళ్లించుకోవడం అందులో ఒక పద్ధతి. ఇది ఒక్కోసారి పూర్తిగా సబబైన పని, ఒక్కోసారి పచ్చి మోసం. రెండింటికీ వాడే సాంకేతికత మాత్రం ఒక్కటే.

లింకుకు అంత విలువ ఎక్కడిది? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు. అందులోని పేజ్‌ర్యాంక్ లెక్క ప్రకారం, ఒక పేజీ మరో పేజీకి లింకు ఇచ్చిందంటే దాని తరఫున సిఫారసు చేసినట్టే. సిఫారసు చేసేవారికి ఎంత పలుకుబడి ఉంటే ఆ మాటకు అంత బరువు. వ్యవసాయ విశ్వవిద్యాలయం పేజీ ఒకటి నాలుగు వెబ్‌సైట్లకు లింకు ఇచ్చిందనుకోండి. ఆ పేజీ విలువలో 85 శాతం ఆ నాలుగింటికీ సమానంగా పంపకమవుతుంది. ఆ పంపకం అందుకున్నవి తమ వంతుగా మరికొన్నింటికి పంచుతాయి. ఇప్పటి గూగుల్ ఇంకా ఎన్నో సంగతులు చూస్తుంది గానీ లింకుల విలువ పూర్తిగా పోలేదు.

ఇక మళ్లింపు సంగతి. మనం పాత చిరునామా నొక్కగానే ఫోన్‌లోని బ్రౌజర్ ఆ సర్వర్‌ను పేజీ అడుగుతుంది. సర్వర్ పేజీ ఇవ్వదు. 301 అనే అంకె, దాని కింద కొత్త చిరునామా రాసి పంపుతుంది. ఈ పేజీ శాశ్వతంగా అక్కడికి మారిందని దాని అర్థం. బ్రౌజర్ వెంటనే కొత్త చోటికి వెళ్తుంది. పైనున్న చిరునామా పట్టీలో అక్షరాలు మారడం తప్ప మనకేమీ తెలియదు. 302 వస్తే అది తాత్కాలిక మార్పు. సెర్చ్ ఇంజిన్ల యంత్రాలకూ ఇవే జవాబులు అందుతాయి. 301 చూసిన గూగుల్, పాత పేజీకి వచ్చిన సిఫారసులను కొత్త పేజీ ఖాతాలో వేస్తుంది.

సబబైన మళ్లింపుకు మన దగ్గరే ఉదాహరణలున్నాయి. 1941లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన బ్యాంకు, తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఇలాంటి విలీనాల్లో ఖాతాలతో పాటు వెబ్ చిరునామా కూడా చేతులు మారుతుంది. పాత చిరునామా నొక్కిన ఖాతాదారు కొత్త బ్యాంకు పేజీకి చేరడం న్యాయం, అవసరం కూడా. అతను వెతుకుతున్న ఖాతా ఉన్నది అక్కడే కదా.

అంతకంటే పెద్ద మార్పు 2025లో జరిగింది. నకిలీ బ్యాంకు వెబ్‌సైట్ల బెడద తగ్గించడానికి రిజర్వ్ బ్యాంక్ ‘బ్యాంక్.ఇన్’ అనే ప్రత్యేక డొమైన్ తెచ్చింది. అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ అందులోకి మారాలని గడువు పెట్టింది. ఈ పేర్లు కేటాయించే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీది. 1996లో రిజర్వ్ బ్యాంకే ఏర్పాటు చేసిన సంస్థ అది. బ్యాంకు కానివారికి ఈ డొమైన్‌లో పేరు దొరకదు. ఈ కట్టడి ఎంత అవసరమో ఇప్పుడు చెప్పబోయే రెండో రకం మళ్లింపు చూస్తే తెలుస్తుంది.

గంజ్‌లో మూడు తరాల పేరున్న అడ్తి దుకాణాన్ని ఒకరు కొన్నారనుకోండి. పాత బోర్డు చూసి రైతులు వస్తారు. కొన్నవారు పసుపే కొంటూ, తూకం సరిగ్గా వేస్తే ఆ పేరు వారికి దక్కడంలో తప్పులేదు. బోర్డు అలాగే ఉంచి లోపల జూదం ఆడిస్తే? వెబ్‌లో సరిగ్గా ఇదే జరుగుతోంది. ఏటా కట్టాల్సిన రుసుము కట్టక వదిలేసిన వెబ్‌సైట్ పేర్ల (డొమైన్ల) మీద కన్నేసి ఉండేవాళ్లున్నారు. డాట్ కామ్ పేరు గడువు దాటితే కొద్ది వారాల వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపై 5 రోజులకు అంగట్లోకే. మూతబడిన స్వచ్ఛంద సంస్థ పేరుకు పత్రికల నుంచి, కళాశాలల నుంచి వచ్చిన లింకులు కొన్నవారి పాలవుతాయి.

పాత పేరు కొని ఇలా వాడుకోవడాన్ని గూగుల్ 2024 మార్చిలో నేరుగా నిషిద్ధాల జాబితాలో చేర్చింది. పాత ప్రాథమిక పాఠశాల వెబ్‌సైట్‌లో క్యాసినో సమాచారం పెట్టడం అది స్వయంగా ఇచ్చిన ఉదాహరణ. పిల్లల బడి మీద జనం పెట్టుకున్న నమ్మకాన్ని జూదానికి వాడుకోవడం కంటే నీచం ఏముంటుంది? పేరు కొనకుండా దొంగదారిన చేసేవారూ ఉన్నారు. తెలంగాణతో పాటు పలు రాష్ట్రాల ప్రభుత్వ వెబ్‌సైట్లకు చెందిన సుమారు నాలుగు డజన్ల లింకులు ఆన్‌లైన్ బెట్టింగ్‌కు మళ్లుతున్నాయని 2024 మేలో టెక్‌క్రంచ్ బయటపెట్టింది. వాటిలో పోలీసు శాఖ, ఆస్తి పన్ను విభాగాల లింకులూ ఉన్నాయి. ప్రభుత్వ చిరునామాకు ఉన్న పలుకుబడే ఇలాంటివారికి ఎర.

తేడా పట్టుకోవడానికి నా దృష్టిలో గట్టి పరీక్ష ఒకటే: పాత లింకు నొక్కినవారు దేనికోసం వచ్చారో అది కొత్త చోట దొరుకుతోందా? పాత పసుపు విత్తన రకాల పేజీ నుంచి కొత్త విత్తన రకాల పేజీకి పంపితే దొరికినట్టే. ఉన్న వంద పేజీలనూ ఒకే మొదటి పేజీకి కుప్పగా మళ్లిస్తే దొరకనట్టు. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును చాలాసార్లు ‘పేజీ లేదు’ కిందే జమ కడుతుంది, సిఫారసుల విలువ అందదు.

అంకాపూర్, వేల్పూర్, బాల్కొండ వైపు పసుపును నేరుగా అమ్మాలని వెబ్‌సైట్లు పెట్టుకునే రైతు సంఘాలు పేరు మార్చుకునేటప్పుడు పేజీకి పేజీ జత చేసి 301 పెట్టాలి. కనీసం ఏడాది పాటు దాన్ని ఉంచమని గూగుల్ సలహా. పాత డొమైన్ రుసుము మాత్రం ఆ తర్వాత కూడా కడుతూనే ఉండటం మంచిది. ఆ పేరు వేరొకరి చేతికి చిక్కితే పోయేది లింకులే కాదు. పాత చిరునామాకు వచ్చే ఈమెయిళ్లు కూడా వారికే వెళ్తాయి. కొనుగోలుదారు పంపే ఆర్డరు, బ్యాంకు పంపే సమాచారం, మరిచిపోయిన పాస్‌వర్డ్‌ను మార్చుకోమంటూ వచ్చే లింకు, అన్నీ కొత్త యజమాని పెట్టెలో పడతాయి.