కళాశాల రుసుములు - ధ్రువపత్రములు

తొలకరి విత్తనములకును ఎరువులకును రొక్కము కావలసిన దినములలోనే పిల్లల కళాశాల రుసుములును చెల్లింపవలసి వచ్చుచున్నవి. కావున ఈ క్రింది సంగతులను సభ్యులు ముందుగా తెలిసికొనుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

మొదటిది, పత్రములు. పదవ తరగతి, ఇంటర్మీడియేటు మార్కుల పత్రములు, బదిలీ పత్రము, చదివిన బడుల ధ్రువపత్రములు సిద్ధపరచుకొనవలయును. పదవ తరగతి పత్రమునందలి పేరే తక్కిన వానియందును అక్షరము మారక యుండవలయును.

రెండవది, రుసుము మినహాయింపు. అర్హులగు పేద విద్యార్థుల బోధన రుసుమును ప్రభుత్వము భరించు పద్ధతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను కలదు. దీనికి ఆదాయ ధ్రువపత్రము ముఖ్యము. తహసీల్దారు కచేరినుండి దానిని ముందే పొందవలయును.

మూడవది, రుసుము వాపసు. ఒకచోట రుసుము కట్టిన పిదప మరియొక మేలైనచోట సీటు దొరకుట కద్దు. అంతమాత్రమున సొమ్ము పోయినదని దిగులుపడ నక్కరలేదు. యూ.జి.సి. వారి 2018 అక్టోబరు ప్రకటన ప్రకారము విశ్వవిద్యాలయములును, అనుబంధ కళాశాలలును అసలు పత్రములను సరిచూచి తిరిగి ఈయవలయునే గాని, తమయొద్ద నుంచుకొనరాదు. ప్రవేశముల కడపటి తేదీకి 15 దినములు ముందుగా మానుకొన్నచో, 5,000 రూపాయలు మించని ఖర్చు తగ్గించి రుసుమంతయు ఈయవలయును. ఆ 15 దినములలో నైన 90 శాతము, తేదీ దాటిన 15 దినములవరకు 80, 30 దినములవరకు 50 శాతము వచ్చును. పిమ్మట ఏమియు రాదు.

కావున మానుకొను సంగతిని నోటిమాటతో పోనీయక వ్రాతమూలముగా తెలిపి, తేదీ వేసిన రసీదు పుచ్చుకొనవలయును. ఒక్క వారపు జాగు ఒక పుట్టి ధాన్యపు వెల కావచ్చును.