జాకీ ఎత్తడానికే.. మోయడానికి కాదు!

ఇంటి వద్ద కారు కిందకు దూరుతున్నారా? స్టాండ్లు లేకుండా వద్దు

చీడికాడ: ఒకప్పుడు పల్లెకు కారు వచ్చిందంటే పెళ్లికి అద్దెకు తెచ్చిన అంబాసిడరే. ఇప్పుడు చీడికాడ, మాడుగుల, చోడవరం ప్రాంతాల్లో ఏ ఊరికి వెళ్లినా నాలుగు ఇళ్ల ముందో, కళ్లాల పక్కనో ఆల్టోలు, వ్యాగన్‌ఆర్‌లు, బొలెరోలు కనిపిస్తున్నాయి. వీటిలో సెకండ్ హ్యాండువే ఎక్కువ. పాత బండి కనుక పని తరచూ పడుతుంది. ప్రతి చిన్న పనికీ చోడవరమో, అనకాపల్లో వెళ్లి షెడ్డులో పెట్టే ఓపిక, ఖర్చు భరించలేక యజమానులే పానాలు పట్టుకుంటున్నారు. ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం, ఊడిన సైలెన్సరును బిగించుకోవడం, బ్రేకులు చూసుకోవడం వంటివి ఇంటి వద్దే కానిచ్చేస్తున్నారు. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. చిక్కంతా కారును పైకి లేపే తీరులో ఉంది. స్టెప్నీతో పాటు కంపెనీ ఇచ్చిన జాకీని తిప్పి, బరువంతా దాని మీదే వదిలి, గోనెసంచి పరుచుకుని కిందకు దూరిపోతున్నారు. ఆ జాకీ జారితే పక్కకు దొర్లే వ్యవధి ఉండదు.

బరువు సంగతి చూద్దాం. చిన్నదనుకునే ఆల్టో ఖాళీగానే 700 కిలోలకు పైగా తూగుతుంది. బొలెరో బరువు 1.5 టన్నులు దాటుతుంది. ఇంజిన్ ముందు ఉండటం వల్ల ముందు భాగమే ఎక్కువ బరువు. ఆల్టో ముందు చక్రం ఒక్కదానిపై పడే భారమే దాదాపు మూడు ధాన్యం బస్తాలకు సమానం. అంత బరువు ఛాతీపై పడితే ఎముకలు విరగకపోయినా ఊపిరి తీసుకోవడం సాధ్యం కాదు. అరిచి పిలవడానికి గొంతు కూడా లేవదు.

జాకీ ఎందుకు నమ్మదగినది కాదు?

జాకీ అనే మాటకు మూలం ఆంగ్లంలోని జాక్. పూర్వం అక్కడ పనివాడిని పిలిచే సాధారణమైన పేరు అది. మనిషి చేయవలసిన బరువు పనిని చేసే పరికరానికి అదే పేరు స్థిరపడింది. ఈ పనివాడు బరువు ఎత్తి పెడతాడు, గంటల తరబడి మోయడు.

కార్లతో పాటు ఇచ్చేది సాధారణంగా కత్తెర ఆకారంలో ఉండే మర జాకీ. రోడ్డు పక్కన చక్రం మార్చుకునే పది నిమిషాల కోసం తయారు చేసినది అది. దాని పాదం అరచేయి కంటే కాస్త పెద్దది. కారు రెండు మూడు అంగుళాలు ముందుకు కదిలినా కత్తెర ఒరిగి, తల జారిపోతుంది. దీనిపై నిలిపిన వాహనం కిందకు వెళ్లరాదని కార్ల కంపెనీల పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది. ఆ పుస్తకాన్ని తెరిచే వారే తక్కువ.

షెడ్లలో, ట్రాక్టర్ల వద్ద కనిపించే బాటిల్ జాకీ, చక్రాలపై నడిచే ట్రాలీ జాకీ నూనె ఒత్తిడితో పనిచేస్తాయి. హైస్కూలు పాఠాల్లో చదువుకున్న పాస్కల్ సూత్రమే ఇది. చిన్న గొట్టంలో నూనెను నొక్కితే ఆ ఒత్తిడి పెద్ద గొట్టంలోని కడ్డీని పైకి నెడుతుంది. కడ్డీ వైశాల్యం 25 రెట్లు ఉంటే బలం కూడా 25 రెట్లు అవుతుంది. అందుకే ఒంటి చేత్తో టన్ను బరువు లేపగలుగుతున్నాం. అయితే ఆ టన్నును పైన నిలిపి ఉంచేది వేలెడంత లేని ఒక రబ్బరు సీలు, చిన్న వాల్వు మాత్రమే. సీలు అరిగితే కారు కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతుంది. వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే నూనె వెనక్కు పారుతుంది. సీలు ఒక్కసారిగా చిరిగితే కారు కూలినట్టే దిగుతుంది. సీలు పరిస్థితి బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. జాకీ ఒళ్లంతా నూనె చెమ్మగా ఉంటే మాత్రం అది ముందే ఇస్తున్న హెచ్చరిక.

జాకీ స్టాండులో నూనె లేదు, సీలు లేదు. మూడు లేదా నాలుగు కాళ్లు వెడల్పుగా చాపిన ఇనుప పీఠం, మధ్యలో ఎత్తు సవరించుకునే ఒక నిట్రాడు అంతే. బరువు ఇనుము మీదుగా తిన్నగా నేలకు దిగుతుంది. ఎత్తును పట్టి ఉంచడానికి కొన్నింటిలో పళ్లు, కొక్కెం ఉంటాయి. మరికొన్నింటిలో రంధ్రాల గుండా దూర్చే లావుపాటి పిన్ను ఉంటుంది. కొనేవారికి మా సలహా పిన్ను రకమే. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే సంస్థ అమ్మిన లక్షలాది పళ్ల రకం స్టాండ్లను 2020లో వెనక్కు పిలిపించింది. కొక్కెం పంటిలో పూర్తిగా కూర్చోక, కారు కాస్త కదిలితే స్టాండు దిగిపోయే లోపం వాటిలో బయటపడింది. బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నింటికి వెల్డింగు లోపం ఉన్నట్లు తేలి వాటినీ అదే ఏడాది వెనక్కు తీసుకున్నారు. కనుక కొత్తదే అయినా వెల్డింగు అతుకులను ఒకసారి వేలితో తడిమి చూసుకోవడం మంచిది. స్టాండుపై ముద్రించిన సామర్థ్యం ఒక్కదానికా, జతకా అన్నది కూడా చదవాలి. తయారీదారులందరూ ఒకే పద్ధతి పాటించరు.

నేల ముఖ్యం

స్టాండు ఎంత గట్టిదైనా నేల మెత్తనైతే ప్రయోజనం లేదు. మన ఊళ్లలో కారు నిలిపే చోటు ఎక్కువగా మట్టి నేలే. ఎండాకాలం రాయిలా ఉండే ఎర్రమట్టి ఒక వాన పడితే ముద్దవుతుంది. పైన పొడిగా కనిపిస్తున్నా కింద తడి ఉండవచ్చు. సన్నని ఇనుప కాళ్లు అందులో ఒక్కో వైపు ఒక్కో లోతుకు దిగి స్టాండు ఒరుగుతుంది. గట్టి సిమెంటు గచ్చు ఉత్తమం. గచ్చు లేనప్పుడు కనీసం అంగుళంన్నర మందం గల గట్టి పలక గానీ, మందపాటి ఇనుప రేకు గానీ జాకీ కింద, ప్రతి స్టాండు కిందా వేయాలి. నాపరాళ్లు పరిచిన వాకిలిని చూసి గట్టి నేల అనుకోవడం పొరపాటు. రాయి కింద బోలుగా ఉంటే బరువు ఒక్కచోట పడగానే పగులుతుంది. రాతిని కర్రతో తట్టి చూస్తే మోగే శబ్దమే చెబుతుంది. మెరక, పల్లం ఉన్న చోట ఈ పని అసలే తలపెట్టరాదు.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలపై కారు నిలపడం మన వద్ద పాత అలవాటు. గోడలో ఇటుకపై బరువు సమంగా పరుచుకుంటుంది కనుక మోస్తుంది. కారు అంచు ఇటుకపై కత్తిలా ఒకే గీతలో నొక్కుతుంది. అప్పుడు ఇటుక వంగదు, కుంగదు, ఏ సూచనా ఇవ్వకుండా పిండి అవుతుంది. బోలు దిమ్మెలది మరీ అన్యాయం. గుండ్రటి కర్ర మొద్దులు దొర్లుతాయి.

హ్యాండ్ బ్రేకు వేశాం కదా?

చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. ఎక్కువ కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలను మాత్రమే. వెనుక భాగాన్ని లేపితే ఆ చక్రాలు గాలిలో ఉంటాయి. ఇక నేలపై ఉన్న ముందు చక్రాలకు పట్టు లేదు. గేరు వేశాం కదా అంటారు. గేరు పట్టు ఇంజిన్ తిప్పే చక్రాలకే ఉంటుంది. ఆల్టో, స్విఫ్టు వంటి వాటిలో అవి ముందువి. ముందు భాగాన్ని లేపితే గేరు ఉన్నా లేనట్టే. ఒక్క చక్రాన్నే లేపినా అంతే. రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె గాలిలో ఉన్న చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది, దాంతో నేలపై ఉన్న రెండోదీ దొర్లగలుగుతుంది. బొలెరో, ఓమ్ని వంటి వాటిలో ఇంజిన్ తిప్పేదీ, హ్యాండ్ బ్రేకు పట్టేదీ వెనుక చక్రాలనే. వాటి వెనుక భాగాన్ని పూర్తిగా లేపితే గేరు, బ్రేకు రెండూ ఒకేసారి పోయినట్టే.

అందువల్ల హ్యాండ్ బ్రేకు, గేరు వేసి కూడా, నేలపై ఉండే చక్రాలకు ముందు, వెనుక రెండు వైపులా అడ్డు పెట్టాలి. ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలైతే టైరుకు ఒదుగుతాయి. దారిలో దొరికిన గుండ్రాయి పనికిరాదు.

ఎత్తడం, నిలపడం

చక్రం తీసే పని ఉంటే కారు నేలపై ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేసుకోవాలి. లేపిన తర్వాత పానాపై కాలుపెట్టి తొక్కితే కారును మనమే జాకీ మీద నుంచి తోసినట్లు అవుతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. చాలా చిన్న కార్లకు తలుపుల కింది అంచున, చక్రాలకు దగ్గరగా, రెండు గాట్ల మధ్య ఈ చోటు ఉంటుంది. పాత బండ్లలో ఈ అంచు తుప్పు పట్టి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పొరలు రాలుతుంటే అక్కడ బరువు మోపరాదు. ఇంజిన్ ఆయిల్ తొట్టె, గేరు పెట్టె, పెట్రోలు ట్యాంకు, మనం కాళ్లు పెట్టుకునే పలుచని రేకు.. వీటి కింద జాకీ గానీ, స్టాండు గానీ పెట్టనే కూడదు. బొలెరో వంటి వాటికి వెనుక ఇరుసు గొట్టమే అనువైన స్థానం.

కారులో ఎవరూ ఉండరాదు. పిల్లలను దూరంగా పంపాలి. ఒక వైపు కొద్దిగా లేపి, ఆగి, జాకీ నిలువుగా ఉందో లేదో చూసి మళ్లీ లేపాలి. పనికి ఎంత ఎత్తు అవసరమో అంతే చాలు, ప్రతి అంగుళానికీ ఒరిగే అవకాశం పెరుగుతుంది. స్టాండును బలమైన చోటు కింద ఉంచి, పిన్ను అటు నుంచి ఇటు పూర్తిగా దూరిందని చూశాక జాకీని మెల్లగా దించాలి. బరువు స్టాండుపై కూర్చుంటుంది. రెండో వైపూ ఇలాగే చేసి, రెండు స్టాండ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయని చూడాలి. స్టాండ్లను లోపలికి పెట్టేటప్పుడు చేయి మాత్రమే కారు కిందకు వెళ్లాలి, తల వెళ్లకూడదు.

ఆ తర్వాత బయట నిలబడి కారును చేత్తో గట్టిగా రెండు మూడు సార్లు ఊపాలి. పడేదైతే అప్పుడే పడాలి, మనం కింద ఉన్నప్పుడు కాదు. కదలకుండా నిలిస్తే జాకీని తీసివేయకుండా దగ్గరలోనే ఊరకే ఆనించి ఉంచాలి. విప్పిన చక్రాన్నో, స్టెప్నీనో కారు అంచు కింద పడుకోబెడితే, అన్నీ విఫలమైనా కారుకు, నేలకు మధ్య కొంత జాగా మిగులుతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది. స్టాండ్లపై ఉన్న కారు ఇంజిన్‌ను స్టార్టు చేయరాదు. గట్టిగా లాగి విప్పవలసిన బోల్టులుంటే ఆ పని షెడ్డుకు వదలడమే మేలు.

ఒంటరిగా ఈ పని చేయవద్దు. ఇంట్లో ఒకరు మెలకువగా, పిలుపు అందే దూరంలో ఉండాలి. ఒకవేళ ప్రమాదం జరిగితే నలుగురు కలిసి చేతులతో ఎత్తబోవడం కంటే పక్కింటి జాకీనైనా తెచ్చి లేపడం మంచిది. చేతుల పట్టు తప్పితే అదే మనిషిపై కారు రెండోసారి పడుతుంది. ముందుగా చక్రాలకు అడ్డు వేసి, లేపిన కొద్దీ కింద పలకలు పేర్చుకుంటూ రావాలి. ఈలోగా ఒకరు 108కి ఫోను చేసి, మనిషి ఎంతసేపటి నుంచి బరువు కింద ఉన్నదీ చెప్పాలి. ఎక్కువసేపు నలిగిన అవయవంపై ఒత్తిడి తొలగిన తర్వాత కూడా రక్తంలో చేరే మలినాల వల్ల గుండెకు, మూత్రపిండాలకు ప్రమాదం ఉంటుంది. బాగానే ఉన్నాడని ఇంటి వద్దే ఉంచరాదు.

చెరకు సీజనులో ట్రాక్టరు ట్రాలీలకు పంక్చరు పడితే లోడుతోనే రోడ్డు అంచున జాకీ వేయడం చూస్తుంటాం. కారుకు చెప్పినవన్నీ దానికి రెట్టింపుగా వర్తిస్తాయి. లోడు కొంతైనా దించకుండా, ట్రాక్టరు చక్రాలకు అడ్డు వేయకుండా ఇరుసు కిందకు తల పెట్టరాదు.

కొత్త కారు కొన్నవారు డిక్కీ తెరిచి జాకీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని తెలిపే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది. స్టెప్నీ లేని కారులో జాకీ ఉంటుందన్న నమ్మకం లేదు.

పని ముగిశాక దించడంలోనూ తొందర కూడదు. కింద పనిముట్లు, గుడ్డలు ఏమీ లేవని చూసి, జాకీతో కాస్త లేపి, ఒక వైపు స్టాండు తీసి దించాలి, ఆ తర్వాతే రెండో వైపు. చక్రం నట్లను ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్లు బిగించాలి. చివరి బిగింపు టైరు నేలకు ఆనిన తర్వాతే. ఒకటి రెండు రోజులు నడిపాక అవే నట్లను మళ్లీ ఒకసారి పానాతో చూసుకోవాలి.