ఇంటి నంబరు తేదీగా మారరాదు

యాడికివంటి పెద్ద గ్రామమున ఇంటిపన్ను జాబితాను ఎక్సెల్ పట్టికనుండి యాక్సెస్ డేటాబేసులోనికి మార్చదలచినచో, పంచాయతీ సభ్యులు మొదట ఇంటి నంబర్లున్న నిలువు వరుసను పరిశీలింపవలెను. ‘3-12’ అని టైపుచేయగానే, మన దేశపు తేదీ పద్ధతిననుసరించి, ఎక్సెల్ దానిని డిసెంబరు 3వ తేదీగా గ్రహించును. ‘3-45’ అన్నచో మార్చి నెల యగును. కంప్యూటరుకు మన వీధులు తెలియవు గదా! ఆ పిదప గడిని ‘టెక్స్ట్’గా మార్చినను పాత నంబరు తిరిగి రాదు, అయిదంకెల సంఖ్యయొకటి మిగులును. అట్టి జాబితానుండి నోటీసులు వ్రాసినచో ఒకరి బాకీ వేరొకరి గుమ్మమునకు చేరవచ్చును.

కావున టైపుచేయుటకు ముందే ఆ వరుసను ‘టెక్స్ట్’గా నిర్ణయింపవలెను. ఇదివరకే మారిపోయిన నంబర్లను కాగితపు డిమాండు రిజిస్టరుతో ఒక్కొక్కటిగా సరిచూచి దిద్దుట తప్పదు. యాక్సెస్‌లో చేర్చునపుడును టెక్స్ట్ రకమునే యెంచుకొని, ఇంటి నంబరును ‘ప్రైమరీ కీ’గా నుంచవలెను. అప్పుడు అదే నంబరు రెండవసారి వచ్చినచో యాక్సెస్ దానిని చేర్చుకొనదు.